గుడారాలు పీకిన మధ్యాహ్నం

మా ఊళ్ళో ఆ తుఫాను కథ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు. టీ కొట్టు దగ్గర కొత్త మొహం ఒకటి కనపడితే చాలు, ఎవడో ఒకడు మొదలెడతాడు. రేడియోలో నాటకం వేస్తే ఊరు ఊరంతా కల్లాల్లోకి ఉరికిందని చెబుతాడు. పెళ్ళి సామాన్లు అద్దెకిచ్చే సప్లయర్స్ కొట్టు దగ్గర బావా బావమరుదులిద్దరూ ఒకే టార్పాలిన్ పట్టకు చెరో కొసా పట్టుకుని గుంజితే అది నిలువునా చిరిగి ఇద్దరూ చెరోవైపు పడ్డారని చెబుతాడు. ఒకాయన ఇంకేమీ దొరక్క మిరపకాయల మీద పెళ్ళిపందిరి పరదా కప్పాడని, ఎర్రటి కాయల మీద 'శుభాకాంక్షలు' అని జరీ అక్షరాలు మెరుస్తుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలలేదని చెబుతాడు. అందరూ పడీ పడీ నవ్వుతారు.

నేను అక్కడుంటే లేచి వచ్చేస్తాను. నాకసలే నోరెక్కువని పేరు, అలాంటిది ఆ మాట వచ్చినప్పుడు మాత్రం పెదవి విప్పనేమా అని వాళ్ళకు ఆశ్చర్యం. ఆ కథలో గుడారాల సంగతి ఉండదు. తెలియక కాదు, అదీ కథలోదేనని ఎవరికీ తోచదు. తోచవలసినదాన్ని నేను.

అద్దంకికి కాస్త ఇవతల మాది. మిరప, పత్తి, శనగ, కొందరికి పొగాకు. కిందటేడు మేం మిరపే ఎక్కువ వేశాం. కోతలకు మా వాళ్ళు చాలరు, అందుకని ఏటా కర్నూలు అవతల నుంచి ముఠాలు దిగుతాయి. సంసారాలు సంసారాలుగా, గిన్నెలూ దుప్పట్లూ కోళ్ళతో సహా వస్తారు. దాన్ని వాళ్ళు సుగ్గికి రావడం అంటారు. చేను పక్కనే కర్రలు పాతి, మీద వాళ్ళు తెచ్చుకున్న టార్పాలిన్ పట్టలు కప్పి, లోపల నేల అలుక్కుని ఉంటారు. కోతలయ్యేదాకా అదే ఇల్లు.

మా ముఠాకు మేస్త్రి ఒక పెద్దామె. మా అమ్మ వయసుంటుంది. నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. ఆ ఏడు ఆమె కోడలు పచ్చి బాలింత. కాన్పయ్యి నెల కూడా తిరగలేదు. ఊళ్ళో వదిలి రావడానికి ఎవరూ లేరట, వెంట తెచ్చుకుంది. ఆ పిల్ల కోతకు రాకుండా గుడారంలోనే ఉండి వంట చేసేది, రెండు కర్రల మధ్య చీరతో ఉయ్యాల కట్టి కొడుకును ఊపుకునేది. నేను వెల్లుల్లి కారం కొట్టి పంపాను, పాత బియ్యం ఇచ్చాను, ఎండన పడి తిరగొద్దని మందలించాను కూడా. పనివాళ్ళను బాగా చూసుకుంటానని నాకు నా మీద చాలా మంచి అభిప్రాయం ఉండేది.

ఇక రేడియో. మా ట్రాక్టరుకు పాటల పెట్టె ఉంది. తాళం తిప్పితే ఇంజనుకంటే ముందు అదే అందుకుంటుంది. మా వైపు వినపడే చిన్న ఎఫ్.ఎం. ఒకటుంది, రైతుల కోసం పెట్టింది. మధ్యాహ్నం భోజనాల వేళ అందులో ముందు మార్కెట్ ధరలు, తర్వాత వాతావరణం, ఆ తర్వాత పురుగు మందుల సంగతులు వస్తాయి. రోజూ ఒకే మనిషి చదువుతాడు. ఆయన మొహం మాలో ఎవరూ చూడలేదు. అయినా ఆ గొంతు మాకు ఇంట్లో మనిషి కింద లెక్క. వ్యవసాయాఫీసరు వచ్చి చెబితే సవాలక్ష ప్రశ్నలేసే మా ఆయన, ఆ గొంతు "ఈ వారం మందు కొట్టకండి" అంటే డబ్బా మూత కూడా తీయడు.

ఆ రోజు మా ఆయన లారీలో లోడు వేసుకుని గుంటూరు యార్డుకు వెళ్ళాడు. కల్లంలో కాయలు పరిచి ఉన్నాయి. ఎండు బాగా పట్టింది, ఇంకొక్క ఎండ తగిలితే బస్తాలకెత్తచ్చు. నేను గొడుగేసుకుని కల్లం గట్టు మీద కూర్చున్నాను. మా ట్రాక్టరు నడిపే అతను అన్నం తినొచ్చి, మూతి తుడుచుకుంటూ ఎక్కి తాళం తిప్పాడు. ఆ గొంతు ధరలు చదువుతోంది. తేజ రకానికి ఎంత, నాటు రకానికి ఎంత, తాలుకాయకు ఎంత. అంతా మామూలే. తర్వాత వాతావరణం మొదలెట్టి, మధ్యలో ఆగాడు. కాగితాల చప్పుడు వినపడింది.

"రైతు సోదరులు దయచేసి గమనించాలి" అన్నాడు. ఆ గొంతులో అంత కంగారు మేమెప్పుడూ వినలేదు. సముద్రంలో తుఫాను ఉన్నట్టుండి దారి మళ్ళిందట, సాయంత్రంలోపు తీరం దాటుతుందట. చీరాల పక్కనున్న వాడరేవు నుంచి ఇంకెవరో మాట్లాడాడు. వెనక గాలి హోరు. అలలు రోడ్డెక్కాయని, పడవలు కొట్టుకుపోతున్నాయని అరుస్తున్నాడు. ఎవరో ఆడమనిషి ఏడుస్తోంది. ఉన్నట్టుండి ఆ వాడరేవు మనిషి మాట మధ్యలో తెగిపోయింది. మళ్ళీ మన రేడియో ఆయనే వచ్చి, కోసిన పంట కల్లాల్లో ఉన్నవాళ్ళు క్షణం ఆలస్యం చేయకుండా కుప్ప చేసి కప్పుకోవాలన్నాడు.

ముందటేడు కోతల్లో పడ్డ వానకు కాయలు నీళ్ళలో తేలడం నేను కళ్ళారా చూశాను. తడిసిన కాయ తెల్లబారి బూజు పడుతుంది, ఆ తర్వాత యార్డులో దాన్ని ముట్టుకునేవాడుండడు. మొక్క నాటిన రోజు నుంచి పడ్డ చాకిరీ అంతా నా ముందు ఎర్రగా పరిచి ఉంది.

మార్చిలో తుఫానేమిటని మాలో ఒక్కరూ అడగలేదు. ఎండ పెటపెటలాడుతోంది. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఆ మాట నేనే అన్నాను, "మబ్బు లేదేందయ్యా" అని. "వాన ముందు ఇట్టాగే మాడిద్దమ్మా, చూడు ఎంత ఉక్కగా ఉందో" అన్నాడు ట్రాక్టరతను. నిజమే కదా అనిపించింది. భయపడ్డ మనిషికి ఎండ కూడా వాన గుర్తే. చీరాలలో ఉన్న మా చెల్లెలికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను, ఎత్తలేదు. ఇంకేం కావాలి, చీరాల మునిగిపోయిందని నాకు నేనే ఖాయం చేసుకున్నాను. ఈలోగా పంచాయతీ మైకులో ఎవరో అందుకుని "తుఫానంట, తుఫానంట" అని అరిచారు. రేడియో వినని వాళ్ళకు మైకు చెప్పింది, మైకు వినని వాళ్ళకు పక్కింటివాళ్ళు చెప్పారు.

కాయలు కుప్ప చేయించాను. మా దగ్గరున్న పట్టలు కల్లంలో సగానికి కూడా చాలవు. సప్లయర్స్ కొట్టుకు ట్రాక్టరతన్ని పంపితే, అక్కడ తన్నుకుంటున్నారని ఉత్త చేతులతో తిరిగొచ్చాడు. మా ఆయన గుంటూరు నుంచి ఫోన్ చేశాడు. అప్పటికే అక్కడికీ కబురు పాకిందట.

"పట్టలున్నాయా?" అన్నాడు.

"సగానికున్నాయి. కొట్లో దొరకట్లా."

"ముఠావాళ్ళవి ఉన్నాయిగా" అన్నాడు.

ఆ మాట ఆయన అనకముందే నా మనసులో ఉంది. ఆయన నోట రావాలని చూస్తున్నానంతే. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది, ఆ ఫోన్ పెట్టేసినప్పుడు నాకు భారం దిగినట్టనిపించింది.

గుడారాల దగ్గర మేస్త్రామె, కోడలు ఇద్దరే ఉన్నారు. మిగతావాళ్ళు దూరపు పొలం చెక్కలో కోస్తున్నారు. నేను ట్రాక్టరు దిగీ దిగకముందే చెప్పాను. "తుఫాను వస్తోంది పెద్దమ్మా. పట్టలు ఇప్పించు, కాయలు తడిసిపోతాయి."

ఆమె నా మొహం చూసింది, ఆకాశం చూసింది. "నిజంగానేనా అమ్మా?" అంది.

"రేడియోలో చెప్పారు. వాడరేవులో పడవలు కొట్టుకుపోయాయంట."

"మరి మేం యాడికి పోవాల?"

"బళ్ళోకి పోండి. వరండా ఉందిగా, అందరికీ సరిపోద్ది."

ఆమె కాదనలేదు. కాదంటుందేమోనని ట్రాక్టరులో దారంతా నేను గట్టి మాటలు సిద్ధం చేసుకుని వచ్చాను, వాటి అవసరమే పడలేదు. తాళ్ళు విప్పడానికి ఆమే ముందు వంగింది. లోపల కోడలు గోడవైపు తిరిగినట్టు పట్ట వైపు తిరిగి బిడ్డకు పాలిస్తోంది. "తాగుతా ఉండాడమ్మా, కొంచెం తాళండి" అంది.

"తొందరగా కానీయమ్మా" అన్నాను. ఆగలేదు. అప్పటికే మా ట్రాక్టరతను అవతలి కొస తాడు కోసేశాడు. పట్ట జారి పోయింది. పట్టతోపాటు ఒక కర్ర ఊడి వచ్చింది, దానికి కట్టిన చీర ఉయ్యాల నేల మీద పడింది. ఆ పిల్ల రవిక సర్దుకోవడానికి కూడా వీల్లేకుండా, నడి ఎండలో, చుట్టూ గిన్నెలూ దుప్పట్లూ పెట్టుకుని బిడ్డతో కూర్చుని ఉంది. నేను చూశాను. చూసి పట్టలు లెక్కబెట్టుకుని ట్రాక్టరెక్కాను.

కల్లం మొత్తం కప్పించాను. అంచుల మీద రాళ్ళు పెట్టించాను. ఇక రానీ వాన అనుకుని గట్టు మీద చతికిలపడ్డాను. అప్పుడు మోగింది ఫోను, మా చెల్లెలు.

"ఏంటే, అన్నిసార్లు చేశావు?"

"బతికే ఉన్నారా? సముద్రం రోడ్డెక్కిందంటగా!"

"నీకేమన్నా పిచ్చా? పిల్లలకు ఒంటిపూట బళ్ళు కదా, వాడరేవు తీసుకొచ్చాను. ఇసకలో కూర్చుని చేపల వేపుడు తింటున్నాం. ఫోను సంచిలో పెట్టాను, వినపళ్ళేదు. ఇదిగో అలల చప్పుడు, విను" అని ఫోను అటు పెట్టింది. మెత్తగా వస్తోంది చప్పుడు.

అదే సమయానికి రేడియోలో ఆ గొంతు మళ్ళీ వచ్చి క్షమాపణ చెప్పింది. అది తుఫాను జాగ్రత్తల గురించి వేసిన కల్పిత నాటిక అట. మొదట్లోనే ఆ సంగతి చెప్పారట. సహజంగా ఉంటుందని రోజూ చదివేట్టే ధరలు చదివి, వాతావరణంలోకి వచ్చి, అక్కణ్ణుంచి కథ ఎత్తుకున్నారట. ఆ ధరలు నిజంగా ఆ రోజు ధరలేనట. మొదటి మాట వినపడ్డవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేరు, ధరలు మాత్రం అందరం విన్నాం. ధరలు నిజమైనప్పుడు వాటి వెనకొచ్చిన తుఫాను అబద్ధమని ఎవరనుకుంటారు? అందుకని ఆ రేడియోవాళ్ళ మీద నాకు పెద్ద కోపం లేదు. నన్ను పరుగెత్తించింది వాళ్ళే, నిజమే. ఎవరి గుడారాల వైపు పరుగెత్తాలో వాళ్ళు చెప్పలేదు.

ఇక్కడిదాకా జరిగినదానికి భయం అని ఒక పేరు పెట్టుకోవచ్చు. భయంలో మనిషి ఏమైనా చేస్తాడని సర్ది చెప్పుకోవచ్చు. ఆ తర్వాత జరిగినదానికి నాకు ఏ పేరూ దొరకలేదు.

తుఫాను లేదని తెలిశాక నేను చేసిన మొదటి పని కాయల మీద పట్టలు తీయించడం. ఆ ఎండకు ప్లాస్టిక్ కింద కాయ చెమర్చి రంగు పోతుంది. పట్టలన్నీ తీసి ఒక పక్కన పడేయించాను. కాయలు మళ్ళీ ఎండకు నెరపించాను. ఒక గుప్పెడు తీసి గలగలలాడించి చూసుకుని, ఏం కాలేదని ఊపిరి పీల్చుకున్నాను. ఇంటికెళ్ళి మొహం కడుక్కున్నాను. పక్కింటామె వచ్చింది. టీ పెట్టాను. పట్ట చిరిగిన బావా బావమరుదుల సంగతి ఆమే చెప్పింది. కడుపు పట్టుకుని నవ్వాను. అవును, ఆ కథకు మొదట నవ్వినవాళ్ళలో నేనూ ఉన్నాను. మా ఆయనకు ఫోన్ చేసి మళ్ళీ మొదటినుంచీ చెప్పి నవ్వాను. "పోనీలే, పట్టలు వాళ్ళకిచ్చేశావా?" అన్నాడాయన.

గ్లాసు అక్కడే పెట్టి లేచాను.

పట్టలు ట్రాక్టరులో వేయించుకుని బడి దగ్గరికి వెళ్ళాను. ఒంటిపూట బడులని మా చెల్లెలు ఫోనులో చెప్పనే చెప్పింది. మా ఊరి బడికి మాత్రం రెండు పూటలా అనుకున్నానేమో! గేటుకు తాళం వేసి ఉంది. వాళ్ళు బయట ప్రహరీ గోడ పక్కన ఉన్నారు. గోడ నీడ అవతలి వైపుకు పడుతోంది, ఇవతల అంతా ఎండే. నీడ వైపు మురుగు కాలవ, కూర్చోవడానికి జానెడు చోటు లేదు.

చేలో కోసేవాళ్ళను కూడా మేస్త్రామె పిలిపించుకున్నట్టుంది, ముఠా మొత్తం అక్కడే ఉంది. మొగవాళ్ళూ ఆడవాళ్ళూ వీపులు బయటికి పెట్టి గుండ్రంగా కూర్చున్నారు. మధ్యలో బియ్యం మూటలు, దుప్పట్లు, వాటి మధ్య బాలింత, ఆమె ఒళ్ళో బిడ్డ. వాళ్ళ మీద ఎరువుల సంచులు విప్పి పరిచి, చుట్టూ ఉన్నవాళ్ళు అంచులు గట్టిగా పట్టుకుని ఉన్నారు, గాలికి ఎగిరిపోకుండా. ఆకు కదలడం లేదు. ఆ మండే ఎండలో వాళ్ళు వానకోసం సిద్ధమై కూర్చుని ఉన్నారు. ఊరంతా నవ్వుకుని, టీలు తాగి, మళ్ళీ పనుల్లో పడింది. తుఫాను లేదని వాళ్ళకు ఒక్కరూ చెప్పలేదు. వాళ్ళ దగ్గర రేడియో లేదు. మాకు చెప్పింది రేడియో, వాళ్ళకు చెప్పింది నేను. రేడియో వెంటనే తప్పు దిద్దుకుంది.

మేస్త్రామె నన్ను చూసి, "వచ్చేసిందా అమ్మా?" అంది. తుఫాను గురించి అడుగుతోంది.

"లేదు పెద్దమ్మా. రాదు. అది నాటకమంట" అన్నాను.

సంచులు దించారు. ఆ పిల్ల మొహమంతా చెమట కారుతోంది, జుట్టు నుదుటికి అంటుకుపోయింది. బిడ్డ ఒళ్ళు కంది ఎర్రగా అయింది. ఏడ్చి ఏడ్చి అలసిపోయి వెక్కుతున్నాడు. ఆమె తడిగుడ్డతో వాణ్ణి తుడుస్తోంది. ఇంటికి రమ్మన్నాను, ఫ్యాను కింద పడుకోబెడదామన్నాను. "వద్దులేమ్మా, గుడారం కడితే సరిపాయె" అంది అత్త. డాక్టరుకు చూపిద్దామని బలవంతం చేసి, పట్టలు దించగానే తల్లీబిడ్డలను ట్రాక్టరు మీద అద్దంకి పంపించాను. బిడ్డకు భయం లేదన్నారట. ఆ మాట వినేదాకా నేను గుడారాల దగ్గరే నిలబడ్డాను.

వాళ్ళు కర్రలు మళ్ళీ పాతారు. నేనూ ఒక తాడు అందుకుని ముడి వేయబోతే మేస్త్రామె నా చేతిలోంచి మెల్లగా తీసుకుంది. "మీరు ఇంటికి పోండమ్మా, పొద్దుపోతా ఉంది" అంది. తప్పయిందని అందామని నోటిదాకా వచ్చింది. ఊళ్ళో ఎవరినైనా నిలబెట్టి కడిగేసే నా నోటికి ఆ ఒక్క మాట రాలేదు.

మర్నాడు కోతకు రారేమోననుకున్నాను. కోపంతో మూటాముల్లె సర్దుకుని వెళ్ళిపోతే నాకు కాస్త నయంగా ఉండేదేమో. పొద్దున్నే అందరూ చేలో ఉన్నారు. ఎప్పటిలాగే కోస్తున్నారు, ఎప్పటిలాగే నాకు దారిచ్చి పక్కకు జరిగారు. మా ఆయన గుంటూరు నుంచి వచ్చి, "వాన రాలేదుగా, బిడ్డకేం కాలేదుగా, ఇంకా ఎందుకు ఏడుస్తావు?" అన్నాడు. ఆయన్ని తిట్టి లాభం లేదు. వాన వస్తుందని వాళ్ళూ నమ్మారు, నేనూ నమ్మాను. వస్తుందని నమ్మి మరీ, ఆ బిడ్డ నెత్తి మీది కప్పు లాగించాను.

తర్వాత అద్దంకి వెళ్ళి కొట్లో ఉన్నవాటిలో మందంగా ఉన్న పట్ట, అంచులకు తాడు దూర్చే ఇత్తడి కళ్ళు వేసింది, చూసి చూసి కొన్నాను. పాతవి మా రాళ్ళకు రెండు చోట్ల చిరిగాయి కూడా. గుడారాల దగ్గరికి తీసుకెళ్ళి మేస్త్రామె ముందు పెట్టాను. "ఇది మీకే పెద్దమ్మా. కోడలుండే గుడారానికి వేయించు" అన్నాను. అది ఇచ్చేస్తే నా పని అయిపోతుందనుకున్నాను.

ఆమె అంచు పట్టుకుని వేళ్ళతో నలిపి చూసింది. "మంచి పట్టనేమ్మా" అంది. మడత విప్పలేదు. మళ్ళీ జాగ్రత్తగా నా వైపు జరిపింది.

"దీన్ని మీ కల్లంలోనే పెట్టుకోండమ్మా. మళ్ళా రేడియో చెప్పినప్పుడు మీకు కరువు రాకూడదు. మావాటి కాడికి రావాల్సిన పనుండదు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉందేమోనని వెతికాను. ఉంటే బాగుండు, నాలుగు తిట్లు తిట్టినా పడి ఉందును. ఆమె రెండు చేతులూ పట్ట మీదే ఉన్నాయి, కళ్ళు నా మొహం మీద ఉన్నాయి. నా తల్లి వయసు మనిషి నన్ను బతిమాలుతోంది. వెనక గుడారంలో ఆ పిల్ల ఉయ్యాల ఊపడం ఆపి, నేనేమంటానోనని చూస్తోంది.

సరేనన్నాను. పట్ట తీసి ట్రాక్టరులో వేసుకున్నాను.